మూసాబూసీ, మూసారాము: రెండు పరాసు ఇంటిపేరుల పుట్టుపూర్వోత్తరములు

భాగ్యనగరమున చార్మినారునకుఁ బడమటగా లాడ్‌బజారును, మహబూబు చౌకును దాటి పోయినచో హుస్సేనీ ఆలమను పేట కలదు. ఈ పేరునందలి రెండవపదము అరబ్బీభాషలో హ్రస్వాదియగు ‘అలమ్’. దానికి ధ్వజమని యర్థము. ఇమాము హుసేనుని స్మరణార్థము నిలుపఁబడిన ధ్వజమునుబట్టి పేటకీ పేరు గలిగినది. దీర్ఘాదిగా ‘ఆలమ్’ అని పలికినచో లోకమను నర్థము గల వేఱొక పదమగును. అయినను తెనుఁగువ్రాతలో హుస్సేనీ ఆలమనియే స్థిరపడినది. ధ్వజము లోకమైనను పేటకు హాని కలుగలేదు. ఆ పేర వ్రాసిన జాబు ఆ పేటకే చేరుచున్నది.

ఈ చిన్న యుదాహరణమునుబట్టి యొక సంగతి తేలుచున్నది. పేరునకు ముఖ్యమగు పని యొకదానిని వేఱుపఱిచి చూపుట. అర్థము చెప్పుట దానికి గౌణము. శాస్త్రజ్ఞులు యోగమనియు, రూఢియనియు పదశక్తిని విభజించిరి. అవయవార్థము తెలిసినంతకాలము యోగము. అది మఱుఁగుపడి సముదాయమే వస్తువును బోధించునపుడు రూఢి. భాష్యకారుఁడు పదములను నాలుగు తెగలుగా విభజించుచు జాతి గుణ క్రియాశబ్దములతోపాటు యదృచ్ఛాశబ్దములను గూడఁ జెప్పినది ఇట్టి పేరులకొఱకే. ఒక దేశమున యోగముతోఁ బుట్టిన పేరు మఱియొక దేశమునకు వచ్చి యదృచ్ఛాశబ్దమై, ఆ దేశపు జనుల నోట మరల నొక క్రొత్త యోగమును సంపాదించుకొనుట కలదు. పదునెనిమిదవ శతాబ్దమున నిజాముల కొలువున నుండిన ఇద్దఱు పరాసు సేనానుల పేరులు దీనికి మంచి నిదర్శనములు. ఒకఁడు బుస్సీ, రెండవవాఁడు రేమండు.

బుస్సీ 1751వ సంవత్సరమున సలాబతుజంగును నిజామునాసనమునఁ గూర్చుండఁబెట్టి దక్కనురాజ్యమున మిక్కిలి పలుకుబడి సంపాదించెను. 1753లో ఉత్తరసర్కారులు పరాసువారి వశమయ్యెను. 1756లో నిజామునకును ఆయనకును వైమనస్యము గలిగి, బుస్సీ కొలువునుండి తొలఁగింపఁబడి, భాగ్యనగరము చేరి, పురమునకు వాయవ్యముననున్న చార్‌మహలు తోఁటలో దండు విడిసి, మచిలీపట్టణమునుండి సాయము వచ్చువఱకు శత్రువుల నెదుర్కొని నిలిచెను. ఆ యేఁటి యాగష్టులో సంధి జరిగినది. అటుపిమ్మట 1757 జనవరి 24వ తేదిని జరిగిన బొబ్బిలియుద్ధముచేత ఆయన పేరు తెనుఁగునాఁట పల్లెపల్లెకును దెలిసినది. అక్షరము రానివారు సైతము బుస్సీదొర యన్న నెఱుఁగుదురు. కాని బుస్సీ యనునది ఆయన ఇంటిపేరు కాదు.

ఆయన పూర్తిపేరు షార్ల్ జోసెఫ్ పాతిస్యే ద బుస్సీ. ఇందు మొదటి రెండును నామకరణమునఁ బెట్టిన పేరులు. పాతిస్యే వంశనామము. ‘ద’ యనునది పంచమీషష్ఠుల యర్థము నిచ్చు నొక యవ్యయము. బుస్సీ భూమిని దెలుపు పేరు. పాతిస్యే యనఁగా పిండివంటలు చేసి యమ్మువాఁడు. లాటినుభాషలో పిండిముద్దకుఁ బేరైన ‘పాస్త’ శబ్దమునుండి పరాసుభాషలో ‘పాత్’ అను రూపము పుట్టి, దానినుండి వృత్తివాచకమగు పాతిస్యే యేర్పడినది. దక్కనున రాజులను నిలిపి, రాజులను దించిన సేనాని వంశకర్తలలో నెవఁడో యొకఁడు పిండివంటల యంగడివాఁడై యుండెనని యీ పేరు చెప్పుచున్నది. ఇందు నవ్వవలసిన దేమియు లేదు. వృత్తినిబట్టి ఇంటిపేరు గలుగుట సర్వదేశములయందును గలదు. మన ఇంటిపేరులలో కరణము, పురాణము, వేదము మొదలగునవి యట్టివే.

పరాసుదేశమున ఈ పాతిస్యే యను ఇంటిపేరు విరళము. పొయ్యికొట్టపువాఁడను నర్థము గల ఫూర్న్యే యను పేరు ఆ దేశమున మిక్కిలి బహుళములైన పేరులలో నొకటి. రొట్టెలు కాల్చువాఁడను నర్థము గల బులాంజే యనునదియు విస్తారముగాఁ గలదు. ఒకే వంటయింటినుండి పుట్టిన యీ పేరులలో నీ తారతమ్యమునకుఁ గారణము విచారింపఁదగినది. పరాసువారి ఇంటిపేరులు పదునొకండవ శతాబ్దము మొదలు పదునేనవ శతాబ్దము వఱకు క్రమముగా స్థిరపడినవి. ఆ కాలమున రొట్టెలపొయ్యి ప్రతి పల్లెకును గావలసినది. పిండివంటల యంగడి పట్టణములకుఁ జెందినది. పల్లెకొక ఫూర్న్యే యుండఁగా పట్టణమునకుఁ గొందఱు పాతిస్యేలు మాత్రమే యుండిరి. ఇంటిపేరుల సంఖ్య నేఁటి వృత్తులసంఖ్యను దెలుపదు. ఇంటిపేరులు గట్టిపడిన కాలమునాఁటి వృత్తులసంఖ్యను దెలుపును.

విరళములైన పేరులు మఱింత విరళములగుటకు వేఱొక హేతువు కలదు. ఇంటిపేరు తండ్రినుండి బిడ్డలకు వచ్చు దేశమున కుమారులు లేని యింటితో ఆ పేరు ముగియును. పదివేల యిండ్ల పేరునకు పది యిండ్లు తఱిగినను లోపము తోఁపదు. పది యిండ్ల పేరునకు అదియే ప్రళయము. ఈ విషయమును గణితముచేత నిరూపింపఁబూనిన వారిలో ఆంగ్లేయులగు గాల్టను, వాట్సనులు ప్రసిద్ధులు. వారి వ్యాసము 1874లో వెలువడినది. పరాసుప్రభుత్వము 2005వ సంవత్సరము మొదలు తల్లి ఇంటిపేరును బిడ్డలకుఁ బెట్టుటకు ననుమతించినది. విరళనామములకు దీనిచే నొక యూఁత చిక్కినదని చెప్పవచ్చును. ఆ దేశపు గణాంకశాఖ 1891 మొదలు 1990 వఱకుఁ గల జననములను ఇరువదియైదేసి సంవత్సరముల నాలుగు ఖండములుగా విభజించి, ఇంటిపేరులవారీగా లెక్కలు వెలువరించినది. ఆ లెక్కలు పుట్టినవారి సంఖ్యను జెప్పునవియే కాని యిప్పుడు జీవించియున్నవారి సంఖ్యను జెప్పునవి కావు. ఈ భేదమును మఱచి వానిని వాడుట ప్రమాదము.

ఇఁక బుస్సీ శబ్దము. ఉత్తరఫ్రాన్సున బుస్సీ యను పేరు గల గ్రామములు పెక్కు కలవు. ఈ సేనాని వంశము స్వాసోఁ పట్టణప్రాంతమునకుఁ జెందినది. గ్రామనామాంతమందలి ‘ఈ’కారము ఒక తద్ధితప్రత్యయముయొక్క శేషము. రోమకుల పాలనకాలమున గాలుదేశమున ‘ఆకుమ్’ అను ప్రత్యయము వ్యక్తినామములపైఁ జేరి, ఆ వ్యక్తికిఁ జెందిన క్షేత్రమను నర్థము నిచ్చుచుండెను. బుక్కియుఁడను వాని క్షేత్రము బుస్సీ యని కొందఱు. బుక్సమను చెట్లుగల చోటు బుస్సీ యని మఱికొందఱు. ఏ పక్షము గ్రహించినను ప్రత్యయమొకటియే. పాణిని చాతురర్థికప్రకరణమున దేశనామములకు నాలుగర్థములు చెప్పెను. ఆ వస్తువు అచ్చటఁ గలదనుట యొకటి; ఆతనిచే నిర్మింపఁబడినదనుట రెండవది; ఆతని నివాసమనుట మూఁడవది; దానికి దవ్వుగానిదనుట నాలుగవది. బుస్సీ శబ్దమున మొదటి పక్షము మూఁడవ యర్థమును, రెండవ పక్షము మొదటి యర్థమును బొందుచున్నవి. గాలుదేశపుఁ బల్లెపేరు పాణిని యేర్పఱిచిన గదులలో నింత చక్కఁగా నిముడుట చూడ ముచ్చటయగుచున్నది.

ఊరిపేరు ఇంటిపేరగుట తెనుఁగువారికి వింత గాదు. పోతనామాత్యుని బమ్మెరయు, అన్నమాచార్యుని తాళ్లపాకయు గ్రామములే. అయితే మన వాడుకలో ఊరిపేరు ముందు నిలిచి, ఔపవిభక్తికరూపమున షష్ఠ్యర్థమును దానే తెలుపును. కొండవీడు కొండవీటి యగును. పరాసువారి వాడుకలో ఊరిపేరు తుద నిలిచి, ‘ద’ యను నవ్యయము దానికి ముందు వచ్చును. మఱియొక భేదము ముఖ్యమైనది. ఆ దేశమున ‘ద’తోఁ గూడిన పేరు పెద్దఱికమునకు గుఱుతుగా నెన్నఁబడుచుండెను. పాతిస్యే యను వృత్తినామము వెనుకఁబడి, బుస్సీ యను భూనామము ముందునకు వచ్చుటకు నదియే హేతువై యుండును. తెనుఁగుదేశమునకు వచ్చునప్పటికే వంశనామము మఱుఁగుపడి యుండెను. ఇచ్చటివారు మఱచిన దేమియు లేదు. వారికిఁ దెలుపఁబడినదే అంత.

ఇచ్చటివారు చేర్చినది మాత్రము కలదు. మహారాష్ట్రుల వ్రాతలలో బుస్సీ పేరు ‘ముసాబూసీ’ యని కనఁబడును. మూసా యనునది ముసల్మానులకు బూజ్యుఁడగు నొక ప్రవక్త పేరు. పరాసు సేనానికి ఆ పేరెట్లు వచ్చినదని శంక. అది ‘మొస్యే’ యను గౌరవవాచకము. ‘మొం’ యనఁగా నాయొక్క. ‘స్యెర్’ యనఁగా ప్రభువు. ఈ రెండవపదము లాటినులోని ‘సెనియోర్’ శబ్దమునుండి పుట్టినది. దానికి మిక్కిలి పెద్దవాఁడని యర్థము. ఆ శబ్దమునకు మూలమైన ‘సెనెక్స్’ శబ్దమును, పురాతనమను నర్థమున వేదమునఁ బ్రయోగింపఁబడిన ‘సన’ శబ్దమును ఏకమూలకములని భాషాతత్త్వవేత్తల నిర్ణయము. కాఁబట్టి ‘మొస్యే’ యనుటయు ‘మా పెద్ద’ యనుటయు నొక్కటియే.

‘మొస్యే’ యెట్లు ‘మూసా’ యయ్యెనను దానికి లిపియే కారణమని యూహింపవచ్చును. పారసీలిపిలో మూసా శబ్దము తుద ‘అలిఫ్’ అను నక్షరముగాక ‘యే’ యను నక్షరము వ్రాయఁబడును; పలుకునపుడు దీర్ఘాకారమగును. మొస్యే శబ్దమును విని ము-స-య క్రమమున నొక లేఖకుఁడు వ్రాసికొన్నచో, దానిని జదువు రెండవవాఁడు తనకుఁ బరిచితమైన మూసా యనియే చదువును. వ్రాసినవాని తప్పు లేదు; చదివినవాని తప్పును లేదు. ఇద్దఱి నడుమఁ బేరు మాఱినది. గౌరవవాచకము నామధేయమై, నామధేయము దాని తోఁకయై, సమాసమంతయు నొక క్రొత్త మనుష్యుని పేరువలె వినఁబడఁజొచ్చెను. ఇట్టి మార్పు ఒంటరిది కాదు. ‘సోంబ్ర్’ అను మాఱుపేరు గల రైన్‌హార్టు ఉత్తరహిందూస్థానమున ‘సమ్రూ’ యయ్యెను. ఆయన బేగము బేగము సమ్రూ యని చరిత్రకెక్కెను. దత్తమండలములలో మన్రోదొర పేరు మునరోలప్ప యై పల్లెబిడ్డలకు నామకరణమున వచ్చెను.

బుస్సీ 1758లో భాగ్యనగరము విడిచెను. ఆయన రెండవమాఱు హిందూదేశమునకు వచ్చినపుడు, 1783లో, ఆయన కడ నుండిన యువకులలో మిషెల్ జొఆకిం మరీ రేమండు ఒకఁడు. ఇతఁడు గాస్కొనీప్రాంతపు సెరిన్యాకు గ్రామమున 1755లోఁ బుట్టి, 1775లోఁ బుదుచ్చేరి చేరెను. బుస్సీ 1785లోఁ బుదుచ్చేరియందే మరణించిన పిమ్మట రేమండు నిజాము అలీఖాను కొలువునఁ జేరి, అల్పసంఖ్యతో మొదలిడి పదునాలుగువేలవఱకుఁ బెరిగిన సేనను దీర్చెను. ఫిరంగులు పోఁతపోయు సాంచా నేఁటికిని గన్‌ఫౌండ్రీ యను పేర నగరమునఁ దెలియఁబడుచున్నది. 1795లో నిజాము కుమారుఁడగు ఆలీజా తిరుగఁబడినపుడు దాని నణఁచినవాఁడు రేమండే. 1798 మార్చి 25వ తేదిని ఇతఁడు మృతుఁడయ్యెను. ఆ యేఁటి సెప్టెంబరు 1వ తేదిని నిజామునకును ఆంగ్లేయులకును సంధి జరిగి, అక్టోబరు 22వ తేదిని పరాసుసేన యాయుధములు విడిచినది. ఏడు నెలలలో సేనయుఁ బోయినది, సేనానియుఁ బోయెను, పేరు నిలిచినది.

గురువు ఊరి పేరును శిష్యుని పుట్టినయూరి పేరును బోల్చి చూచినచో నొక విశేషము తెలియును. బుస్సీ శబ్దము తుదనున్న ‘ఈ’కారమును, సెరిన్యాకు శబ్దము తుదనున్న ‘ఆకు’ను ఆ ‘ఆకుమ్’ ప్రత్యయమే. ఉత్తరఫ్రాన్సున నది కరఁగి ఈకారమైనది. దక్షిణమున హల్లుతో నిలిచినది. ప్రత్యయమొక్కటే, నోళ్లు రెండు.

రేమండు శబ్దమున ఊరుగాని వృత్తిగాని లేదు. అది పురుషనామము. జర్మానికభాషలలో ‘రగిన్’ అనఁగా ఆలోచన. ‘ముంద్’ అనఁగా రక్షణము. రెండును గూడి రగిన్ముంద్; అదియే కాలక్రమమున రేమండు. తులూసు సంస్థానాధీశులలోఁ బెక్కండ్రు ఈ పేరు గలవారు. వారిలో నాలుగవ రేమండు మొదటి శిలువయుద్ధమునకుఁ బోయి 1105లో మరణించెను. ప్రభువుల పేరును బ్రజలు బిడ్డలకుఁ బెట్టుకొనఁగా దక్షిణఫ్రాన్సున నది వ్యాపించి, పిమ్మటఁ దండ్రి పేరే ఇంటిపేరయ్యెను. సంస్కృతమున దశరథుని కొడుకు దాశరథి యగుటకు అపత్యార్థకప్రత్యయము కావలెను. ఇచ్చట ప్రత్యయము లేకయే అపత్యార్థము సిద్ధించినది; మన పరిభాషలో నిది లుప్తప్రత్యయమువంటిది. అందుచేత పాతిస్యే విరళమైనను రేమండు విరళము కాదు. ఫ్రాన్సున నిది నేఁటికిని బహుళముగా వాడుకలోనున్న ఇంటిపేరు.

పరాసువారి యుచ్చారణమున ఈ శబ్దము తుది డకారము వినఁబడదు. దానికి ముందున్న నకారము అచ్చును ముక్కుతోఁ బలికించి తాను లోపించును. తెనుఁగున అర్ధబిందువుతో ‘రెమోఁ’ యని వ్రాసిన సరిపోవును. ‘మొస్యే రెమోఁ’ యనునది నగరమున మూసా యను పూర్వపదముతోఁ గూడఁగా ముసల్మానులకు మూసారహీమనియు, హిందువులకు మూసారామనియు వినఁబడెను. ఎవరి చెవికిఁ బరిచితమైన పేరు వారికి దొరకినది. ఒకరు దయామయుఁడను నర్థము గల భగవన్నామమును వినిరి; ఒకరు దశరథపుత్రుని వినిరి. రెండు తెగలవారికిని దమ తమ పేరుగాఁ దోఁచిన పేరు గల పరదేశి మఱియొకఁడు అరుదు. ఆయన తోఁట యుండిన తావు మూసారాంబాగు. దానికి సమీపమున ఆస్మాన్‌గఢు గుట్టపై ఆయన సమాధి కలదు. నల్లఱాతి స్తంభముపై ఆయన పేరి యాద్యక్షరములు రెండు చెక్కఁబడియున్నవి. దాని చెంతనున్న స్తంభమంటపము ఇరువదియొకటవ శతాబ్దారంభమునఁ గూలఁగా మరలఁ గట్టఁబడినది. మరణదినమున నగరవాసులు వచ్చి దీపధూపములతో గౌరవించుట ఇరువదవ శతాబ్దపుఁ బూర్వభాగము వఱకును గలదు.

ఇచ్చట నొక పూర్వపక్షమును విచారింపవలసియున్నది. మూసీనది యీ పేటకు సమీపమునఁ బాఱుచున్నది. ‘ఆరామ’ శబ్దమునకు ఉద్యానమని యర్థము. ‘మూసీ’, ‘ఆరామము’, ‘బాగు’ అను మూఁడు పదములు గూడి మూసారాంబాగు ఏర్పడినదని సంస్కృతజ్ఞుఁడొకఁడు సాధింపఁబూనవచ్చును. చూపునకు మనోహరముగా నున్నను ఈ వ్యుత్పత్తి నిలువదు. సంస్కృతసంధిచేత నైనచో యణాదేశము వచ్చి ‘మూస్యారామ’ మని యుండవలెను. ఆరామమును బాగును ఏకార్థకములగుటచేఁ బునరుక్తియను దోషమును జెప్పవచ్చును గాని, మిశ్రసమాసములలో నట్టి పునరుక్తి లోకమునఁ గలదు గనుక ఆ హేతువు బలవంతము కాదు. బలవంతమైన హేతువు వేఱు. ‘మూసారహీము’ అను రెండవ రూపమునకు ఈ వ్యుత్పత్తిలోఁ జోటు లేదు. మొస్యే రెమోఁ యను మూలమునుండి రెండు రూపములును సిద్ధించుచున్నవి. ఏ వ్యుత్పత్తి అధికరూపములను సాధించునో అదియే గ్రాహ్యము. అందునకుఁ దోడు సమాధియే సాక్ష్యముగా గుట్టపై నిలిచియున్నది.

పేరులు నోటినుండి నోటికిఁ బోవునపుడు మాఱుట యొకటి. రాజశాసనముచే మాఱుట యొకటి. పరాసువారు 1539లోనే జ్ఞానస్నానములను బట్టీలలో వ్రాయవలెనని శాసించిరి. 1794 ఆగష్టు 23వ తేదిని వెలువడిన విప్లవకాలపుఁ జట్టము జననపత్రముననున్న పేరు దప్ప వేఱొకటి ధరింపఁగూడదని నిషేధించినది. ఆ సమయమున రేమండు భాగ్యనగరమున నుండెను. స్వదేశమున అక్షరమైనను మార్పరాదని శాసనము పుట్టిన నాఁడే, ఆయన పేరు ఇచ్చట రహీమును రామును అగుచుండెను. తెనుఁగుదేశముననే పరాసుల యేలుబడిలోనుండిన యానాముగుండ ఆ శాసనరీతి మనవారిని గూడఁ దాఁకినది. 1881 సెప్టెంబరు 21వ తేది నాఁటి శాసనము ప్రకారము, స్వజాతిధర్మమును వదలి పరాసుధర్మశాస్త్రమునకు లోఁబడఁగోరిన భారతీయులు స్థిరమగు నొక వంశనామమును బట్టీలో వ్రాయించుకొనవలసి యుండెను. ఇంటిపేరులు తరతరములుగాఁ గల తెనుఁగువారికి దీనివలనఁ గ్రొత్తగాఁ గలిగినది స్వల్పము. తండ్రిపేరు తప్ప వంశనామము లేని తమిళులకు అధికము. యానాము 1954లో భారతదేశముతోఁ గలిసినది. 1962లో ఆ కలయిక న్యాయతః పూర్తియైనది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలవలెను. ఒక పేరు ఎంత వాడుకలోనున్నదో తెలియుటెట్లు? పుట్టినవారి పట్టీలనుబట్టి యనుట గణకుల మతము. ఆ మతమున పాతిస్యే విరళము, రేమండు బహుళము. భాగ్యనగరమున రెండును లెక్కకు రావు. శాబ్దికుల మతమున నట్లు గాదు. పలుకఁబడినంతకాలము శబ్దమునకు జీవము కలదు. లోకప్రయోగమే వారికిఁ బట్టీ. 2018 సెప్టెంబరు 24వ తేదిని అమీరుపేటనుండి ఎల్.బి. నగరు వఱకు మెట్రోరైలు నడవఁజొచ్చినది. ఆ దారిలో మూసారాంబాగు ఒక నిలయము. నాఁటినుండి సెరిన్యాకు వర్తకుని కొడుకు ఇంటిపేరు, మార్పుచెందిన రూపముననే యైనను, బండి యాఁగినప్పుడెల్ల ఉచ్చరింపఁబడుచున్నది. అతని స్వగ్రామమున నిన్నిమాఱు లా పేరు వినఁబడునని చెప్పరాదు.

అయితే యిట్లు బ్రదికినది పేరులో నేభాగము? పిలుపులో ముందు వచ్చునది ‘మూసా’. అది యాతని పేరు గాదు. ప్రతి పరాసు పెద్దమనుష్యునకును జెల్లు మర్యాదమాట. ఆతని సొంతమైన ‘రెమోఁ’ రామునిలోఁ గలిసిపోయినది. బుస్సీకి వంశనామము పోయి ఊరిపేరు మిగిలెను. రేమండునకు ఇంటిపేరి రూపము పోయి మర్యాదమాట మిగిలెను. పాఠశాలలోఁ జరిత్ర చెప్పు పండితుఁడు మూసారాంబాగును మూసీనదికో, మూసా యను నొకానొక తోఁటమాలికో ముడిపెట్టి విడిచినచో, ఆ మిగిలినదియుఁ బోవును. రాముఁడనియు రహీమనియు విన్న పురజనుల చెవులను దప్పుపట్టఁబనిలేదు. వారు పరదేశికిఁ దమ యిండ్లలోని పేరు నిచ్చి గౌరవించిరి. ఆ గౌరవమును జెప్పుచునే దాని క్రింద దాఁగిన పేరును సైతము చెప్పుట పండితుల విధి. హుస్సేనీ ఆలమున ధ్వజమును, మూసారాంబాగున రెమోఁను గుర్తించి చెప్పువారున్నంతకాలము రూఢి వెనుక యోగము నశింపదు.